బాపు అలక

మా ఇంట్లో అలిగే హక్కు ఒక్కరికే ఉండేది. అది మా బాపుకి. అవ్వకి అలిగే తీరిక లేదు, నాకు అంత ఓపిక లేదు. కోపం వస్తే నేను అరుస్తాను, ఎదుటివాళ్లు కూడా అరుస్తారు, పావుగంట తర్వాత అందరం కూర్చుని అన్నం తింటాం. బాపు అలా కాదు. ఆయన మూతి ముడిచాడంటే మేమిద్దరం ఇంట్లో పిల్లుల్లా నడవాల్సిందే.

మేం అమ్మని అవ్వ అంటాం, నాన్నని బాపు అంటాం. సిరిసిల్ల వైపు అలవాటు అది. బాపు పేరు కనకయ్య, అవ్వ పేరు ఎల్లవ్వ, నా పేరు సంధ్య. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వాళ్లు ముప్పై నాలుగేళ్ల కింద సూరత్ వచ్చారు. నేను అక్కడి భేస్తాన్‌లోనే పుట్టాను. ఏడో తరగతి దాకా మునిసిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో చదివాను, ఆ తర్వాత గుజరాతీలో. ఇప్పుడు ఆల్థాన్‌లో ఒక క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుని పేషెంట్ల పేర్లు రాసుకుంటాను.

అలక అంటే ఏమిటో ఆ క్లినిక్‌లో చెప్పాలని చాలాసార్లు చూశాను. "మా బాపు ఇవాళ అన్నం తినలేదు" అంటే జ్వరమా అని అడుగుతారు. నారాజ్ అయ్యాడంటే సగమే చెప్పినట్టు. కరెంటాఫీసు వాడు కూడా నారాజ్ అవుతాడు. నా పక్కన కూర్చునే గుజరాతీ అమ్మాయి "రిసాయి గయా?" అంటుంది. అది దగ్గరి మాటే. అయినా ఆ మాట మా ఇంట్లో ఉన్నంత బరువుగా ఆ అమ్మాయి నోట్లో ఉండదు.

సేఠ్ తిడితే కోపం వస్తుంది. ఆ సేఠ్ మీద ఎవరూ అలగరు. పొరుగువాడు గోడ జరిపితే పగ పెట్టుకుంటాం, అలగం. అలక మనవాళ్ల మీదే. కోపం ఉన్నవాడు వెళ్లిపోతాడు, అలిగినవాడు ఇంట్లోనే ఉంటాడు. తలుపు వేసుకుంటాడు గాని గడియ పెట్టుకోడు. మా పెళ్లిళ్లలో కొత్త అల్లుడు అలగాలని ఒక తంతు ఉంది. అన్నం ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. బామ్మర్ది వచ్చి చేతికి వాచీ తొడిగి బతిమిలాడితే తింటాడు. చుట్టూ అందరూ నవ్వుతారు. అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ నవ్వు. అడిగేవాళ్లు లేని అలకని నేను ఒక్కసారే చూశాను. అడిగేవాళ్లు లేకుండా చేసింది నేనే.

బాపు అలకకి పద్ధతి ఉండేది. మొదటి పూట "ఆకలి లేదు" అంటాడు. రెండో పూట ఆ మాట కూడా అనడు. ఇనప మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఇంట్లో చాయ్ ముట్టడు గాని, నాలుగిళ్ల అవతల లక్ష్మీరాజం మామ ఇంటికి వెళ్లి తాగి వస్తాడు. మామ బాపుతో పాటు ఒకే ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, ఇరవై ఏళ్లు సాంచాలు నడిపినవాడు. బాపు పిలవకుండా చాయ్‌కి వచ్చాడంటే మా ఇంట్లో ఏదో అయిందని ఆయనకి తెలిసిపోయేది. మూడో పూటకి అవ్వ కంచంలో అన్నం కలుపుకుని వెళ్లి పక్కన కూర్చుంటుంది. "తినయ్యా, తప్పయింది" అంటుంది. మూడుసార్లు అనిపించుకుని, ఎటో చూస్తూ తింటాడు. అంతటితో సరి. తప్పు ఎవరిదన్నది లెక్కలోకి రాదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, నేను ఎదురు మాట్లాడినా, బతిమిలాడేది అవ్వే. నా ఇరవై ఏడేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆయన మంచం దగ్గరికి వెళ్లి తప్పయిందని అనలేదు.

ఈసారి తప్పు మాత్రం నాదే. బాపుకి అరవై ఒకటి నిండాయి. బీపీ ఉంది. గోలీలు మనసైతే వేసుకుంటాడు, లేకపోతే లేదు. పన్నెండు గంటల పాటు సాంచాల మధ్య నిలబడి ఇంటికొస్తే కాళ్లు దిమ్మల్లా వాచి ఉండేవి. ఇక మానెయ్యమని రెండేళ్లుగా చెప్తున్నాను. వినడు. చివరికి ఆయనకి చెప్పకుండా రింగ్ రోడ్ మీద మార్కెట్లో ఉన్న సేఠ్ దుకాణానికి నేనే వెళ్లాను. మా బాపుని రేపటి నుంచి పనికి పిలవొద్దని, ఆయన ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. సేఠ్ వెంటనే ఒప్పుకున్నాడు. ముసలి కారీగర్‌ని పొమ్మని చెప్పే పని తనకి తప్పిందనుకున్నాడేమో, నాకు చాయ్ కూడా తెప్పించాడు.

మంగళవారం పొద్దున బాపు టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి వెళ్తే, ఖాతా గేటు దగ్గర మేస్త్రీ ఆపి, మీ బిడ్డ వచ్చి చెప్పింది, ఇంట్లో కూర్చో అన్నాడట. తోటి కారీగర్లందరి ముందు. ఆయన గంటలోనే ఇంటికొచ్చాడు. డబ్బా గట్టు మీద పెట్టాడు. నేను క్లినిక్‌కి బయల్దేరుతున్నాను.

"నా పని మానిపియ్యడానికి నువ్వెవరు బిడ్డా?" అన్నాడు.

నీ మంచికేనని నేను గొంతు పెంచాను. ఆయన పెంచలేదు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

ఆ సాయంత్రం అవ్వ కంచం తీయబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. ప్రతిసారీ నువ్వు బతిమిలాడటం వల్లే ఆయన ఇలా తయారయ్యాడని, ఈసారి పోతే ఊరుకోనని అన్నాను. ఆకలైతే ఆయనే లేచి పెట్టుకు తింటాడని, చిన్నపిల్లాడా అని అన్నాను. అవ్వ నా మొహం చూసి కంచం పెట్టేసింది. ఆవిడకి నా నోరంటే భయం. బుధవారం బాపు మామ ఇంటికి రెండుసార్లు వెళ్లొచ్చాడు. అక్కడ రెండు బిస్కెట్లు తిన్నాడని తెలిసి నేను నవ్వాను కూడా. కిటికీలో బీపీ గోలీల అట్ట మంగళవారం ఎలా ఉందో అలాగే ఉంది. అది చూశాను. గోలీల మీద కూడా అలిగాడా అనుకున్నాను.

గురువారం పొద్దున ఆరున్నరకి అవ్వ గల్లీలో నల్లా దగ్గర నీళ్లు పడుతోంది. ఎంతైనా మనసొప్పక నేనే బాపుకి చాయ్ తీసుకెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. ఏమీ అనలేదు. గ్లాసు చాపానంతే. ఆయన కుడిచేత్తో అందుకున్నాడు. నేను వెనక్కి తిరగబోతుండగా గ్లాసు కింద పడింది. చాయ్ మోకాలి మీద ఒలికింది. ఆయన ఉలిక్కిపడలేదు. మూతి ఒకవైపు వంకరగా ఉంది. నా వైపు చూడలేదు, తన చేతి వైపు చూసుకున్నాడు.

నాకు తల తిరిగిపోయేంత కోపం వచ్చింది. చేతికిస్తే విసిరి కొడతావా అని అరిచాను. చప్పుడు విని బిందెతో వచ్చిన అవ్వకి కూడా అదే చెప్పాను, బాపు గ్లాసు విసిరికొట్టాడని. ఇవాళ నువ్వు ఆయన దగ్గరికి పోయావంటే నేను ఈ ఇంట్లో అన్నం తిననని ఒట్టు పెట్టాను. అవ్వ కింద తుడిచి వంటింట్లోకి పోయింది. నేను స్నానం చేసి, జడ వేసుకుని, ఎనిమిదిన్నరకి బయల్దేరి పోయాను.

క్లినిక్‌లో నా కుర్చీ వెనక గోడ మీద ఒక పోస్టర్ ఉంది. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట రాకపోవడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండని గుజరాతీలో బొమ్మలతో సహా ఉంటుంది. దాన్ని అక్కడ అతికించింది నేనే. ఆ పొద్దున పన్నెండున్నర దాకా దానికి వీపు పెట్టి కూర్చుని, ఇరవై మంది పేర్లు రాసుకున్నాను.

మా ఇంటికి ఆ మధ్యాహ్నం వచ్చింది లక్ష్మీరాజం మామ. ఎందుకొచ్చాడో తర్వాత ఆయనే చెప్పాడు. అలిగినవాడు తన దగ్గరికి చాయ్‌కి రావాలి కదా, పన్నెండు దాటినా రాలేదేమిటని చూడటానికి వచ్చాడట. అవ్వ ఆయనకి అలకేనని చెప్పిందట. మామ మంచం దగ్గరికి పోయి బాపు గదవ పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. పెదవి మూల నుంచి చొల్లు కారుతోంది.

"వదినా, గిది అలుగుడు గాదు" అన్నాడట. "ఆటోని పిలుస్తున్న, నువ్వు సంధ్యకు ఫోన్ చెయ్యి."

నేను ఆసుపత్రికి చేరేసరికి ఒకటీ నలభై అయింది. బాపుని స్కానింగ్‌కి తీసుకెళ్లి తెచ్చారు. అక్కడ కిశోర్ అని తెలుగు డాక్టరు దొరకడం మా అదృష్టమని అవ్వ అనుకుంటోంది. గుంటూరు వైపు ఆయన, ముప్పై దాటి ఉండవు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందని, గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉందని, జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తేనే అది పని చేస్తుందని, ఆలస్యమైతే అదే ఇంజెక్షన్‌తో మెదడులో రక్తస్రావం జరగొచ్చని నిదానంగా చెప్పాడు. ఆ తర్వాత అవ్వని అడిగాడు.

"ఆయన చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారమ్మా?"

"అలిగి మూడు దినాలాయె సారూ. మాట్లాడుతలేడు" అంది అవ్వ.

డాక్టరు కాగితం మీద పెన్ను పెట్టి ఆగిపోయాడు. మూడు రోజులుగా మాట్లాడటం లేదంటే అలకవల్లనా, జబ్బువల్లనా అని అడిగాడు. అవ్వకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మాట మానుకున్న మనిషికి మాట పోయింది. మానుకోవడం ఎప్పుడు ఆగిందో, పోవడం ఎప్పుడు మొదలైందో చెప్పడానికి మా ఇంట్లో ఆ మూడు రోజులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు.

అవ్వకి ఒక్కటి మాత్రం అర్థమైంది. ఇంజెక్షన్ ఉంది, దానికి టైము ఉంది. చదువు రాదు గాని గంటలు లెక్కపెట్టడం వచ్చు. పొద్దున గ్లాసు విసిరికొట్టాడని, చేతిలో అంత బలముందని చెప్పింది. పది గంటలప్పుడు మంచం దగ్గర మంచినీళ్లు పెట్టి వచ్చానని, అప్పుడు మంచిగనే కూర్చుని ఉన్నాడని చెప్పింది. పది అని రెండుసార్లు చెప్పింది. చెప్పి నావైపు చూసింది. అవునని అనమని ఆ చూపు. నేను పదింటికి ఇంట్లోనే లేనని ఆవిడకి గుర్తులేదు, డాక్టరుకి తెలియదు.

అవునంటే ఇంజెక్షన్ ఇస్తారు. ఇస్తే లేచి మాట్లాడవచ్చు, లేదా ఆ మంచం మీదే పోవచ్చు. నేను నోరు తెరిచాను.

"విసిరి కొట్టలేదు సార్" అన్నాను. "గ్లాసు చేతిలోంచి జారింది. ఆరున్నరకి. వేడి చాయ్ మీద పడ్డా ఆయనకి తెల్వలేదు. మూతి అప్పుడే వంకర పోయింది. నేను చూసిన."

డాక్టరు వివరంగా రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాను. స్కాన్ కూడా ఆలస్యమైందనే చెప్తోందని, ఇంజెక్షన్ ఇవ్వలేమని, మిగతా మందులు మొదలుపెడతామని చెప్పి లోపలికి వెళ్లాడు. అవ్వ బెంచీ మీద కూలబడింది. నన్ను తిట్టినా బాగుండేది. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా లేకుండా నేను ఆ గోడకి ఆనుకుని నిలబడ్డాను.

పన్నెండు రోజుల తర్వాత బాపుని ఇంటికి తెచ్చుకున్నాం. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉండేది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు. మాట లేదు, "ఆ" అనే ఒక్క శబ్దం ఉంది. మనం చెప్పేది అర్థమవుతుందని డాక్టరు చెప్పాడు. కాని ఆయన కళ్లలో చూస్తే నాకు నమ్మకం కలగలేదు. ఎవరు వచ్చినా నవ్వేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. గంజి పెడితే గంజి, ఉప్పులేని పప్పు పెడితే ఆ పప్పు. ఎవరి చేత్తో పెట్టినా తినేవాడు. ముక్కు మీద కోపంతో ముప్పై నాలుగేళ్లు మా గల్లీలో పేరు మోసిన కనకయ్య, ముద్ద పెడితే పసిపిల్లాడిలా నోరు తెరిచేవాడు.

ఒక ఆదివారం అవ్వ ఆనపకాయ వండింది. బాపుకి ఆనపకాయంటే పడదు. నా చిన్నప్పుడు ఒకసారి వండితే రెండు రోజులు అలిగాడు. ఎందుకు వండావని నేను అడుగుతుంటే అవ్వ కంచంలో కలిపి ఆయన ముందు కూర్చుని ముద్ద పెట్టింది. తిన్నాడు. ఇంకో ముద్ద పెట్టి, "ఆనపకాయనయ్యా" అని చెప్పింది. తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక నవ్వాడు. అవ్వ కంచం కడగడానికి పోయి చాలాసేపు రాలేదు. నేను వెళ్లి చూస్తే నల్లా తిప్పి పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"మనిషిని తెచ్చిన్రు గని, మా ఆయనను తేలేదు" అంది.

లక్ష్మీరాజం మామ రోజూ వచ్చి కాసేపు కూర్చునేవాడు. సాంచాల కబుర్లు, ఎవరు మానేశారో, ఎవరు చేరారో చెప్పేవాడు. బాపు నవ్వేవాడు. ఒకరోజు మామ వెళ్తూ వెళ్తూ గడప దగ్గర నన్ను ఆపాడు. చెప్పాలా వద్దా అని ఇన్నాళ్లు ఆలోచించానన్నాడు. బుధవారం తన ఇంట్లో చాయ్ తాగుతూ బాపు ఏమన్నాడో చెప్పాడు. పని పోయినందుకు కాదట ఆయన బాధ. కాళ్లు తనకీ నొస్తున్నాయి, ఇంకో ఆర్నెల్లకి తనే మానేద్దామనుకున్నాడట.

"వదినె వచ్చి బతిమిలాడుతదని అన్న నేను" అన్నాడు మామ. "ఈసారి ఎల్లవ్వ వస్తె తిననన్నడు. బిడ్డ వచ్చి ఒక్కమాట అడిగితె చాలు అన్నడు."

మామ వెళ్లిపోయాక నేను గడప మీదే కూర్చుండిపోయాను. ఆ మూడు రోజులు ఆయన గోడ చూడలేదు. నా అడుగులు వింటూ కూర్చున్నాడు. నేను ఒకసారి వెళ్లాను కూడా, చాయ్ గ్లాసుతో, నోరు విప్పకుండా.

మర్నాడు క్లినిక్‌కి సెలవు పెట్టాను. మధ్యాహ్నం అన్నంలో పప్పు కలుపుకుని వెళ్లి మంచం మీద ఆయనకెదురుగా కూర్చున్నాను. ఆయన అలవాటుగా నోరు తెరిచాడు. నేను ముద్ద పెట్టలేదు. ఆసుపత్రిలో డాక్టరుకి చెప్పినవేవీ ఆయనకి చెప్పలేదని అప్పుడే నాకు తట్టింది.

"తప్పయింది బాపూ" అన్నాను. "నిన్ను అడగకుంట సేఠ్ తాన్కి పోయిన. అందరి ముంగట నీ ఇజ్జత్ తీసిన. అవ్వను నీ తాన్కి రాకుంట ఆపింది గూడ నేనే. ఆ పొద్దు నీ చేతులకెల్లి గ్లాసు జారితె, నువ్వు ఇసిరినవనుకున్న. నీ మూతి సూసి అలిగినవనుకున్న. నువ్వు అట్లనే కూసున్నవు, నేను పనికి పోయిన."

చెయ్యి ముందుకు చాపి ముద్ద ఆయన నోటి దగ్గర పెట్టాను.

బాపు నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్లలో ఇన్నాళ్లూ ఉన్న ఆ నవ్వు మెల్లగా పోయింది. పెదవులు మూసుకున్నాడు. బాగున్న ఎడమవైపు పెదవి గట్టిగా బిగిసింది. ఎడమచెయ్యి ఎత్తి నా మణికట్టుని పక్కకి నెట్టాడు. తర్వాత ఒళ్లంతా కూడదీసుకుని, మంచం మీద చెయ్యి ఊతం పెట్టి, కొంచెం కొంచెంగా జరిగి గోడవైపు తిరిగాడు.

"అవ్వా" అని పిలిచాను. "బాపు అలిగిండు."

అవ్వ వంటింట్లోంచి తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఆయన వీపు చూసింది. మంచం మీద ముడుచుకున్న ఆ భుజాలు చూసింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను కంచం ఆవిడకి అందించబోయాను. అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను రాను" అంది. "నీ మీద అలిగిండు. నువ్వే అడుగు."

ఆ పూట ఆయన తినలేదు. సాయంత్రం మళ్లీ కలుపుకెళ్లాను. మళ్లీ తప్పయిందని అన్నాను. తినలేదు. అవ్వ పెడితే తింటాడని తెలుసు, అయినా అవ్వ పెట్టలేదు. ఒక్క గోలీలు మాత్రం ఆవిడ చేత్తో మింగించింది. మూడో పూటకి, శుక్రవారం పొద్దున, నేను మంచం పక్కన కింద కూర్చుని ముద్ద పట్టుకుని ఉన్నాను. చెయ్యి నొప్పి పుట్టింది, దించలేదు. ఒకసారి అన్నాను, రెండోసారి అన్నాను. మూడోసారి నేను మాట పూర్తి చేయకముందే, గోడవైపు చూస్తూనే, బాపు నోరు తెరిచాడు.